డ్రమ్ అంచున ఊరి పేరు

కౌస్తుభ్‌కి ఊళ్లు గుర్తుండటం మానేసి చాలా ఏళ్లయింది. కెనడా నుంచి బయల్దేరిన ముగ్గురే ముగ్గురు పంక్ రాక్ బ్యాండ్‌వాళ్లు ఒక పాత వ్యాన్‌లో ఇరవై ఏళ్లుగా అమెరికా అంతా తిరుగుతున్నారు, డ్రమ్మర్ ఇతను. ఎక్కడ దిగినా పగిలిన వేళ్లకు టేపు చుట్టుకుని, మిగిలిన ముక్కను డ్రమ్ అంచున అంటించి, దానిమీద ఆ ఊరి పేరు రాసుకుంటాడు. ఒకసారి జెర్సీ సిటీ జనాన్ని "హలో ఫిలడెల్ఫియా!" అని పలకరించి నానా తిట్లూ తిన్నాడు మరి. ఈ మధ్యాహ్నం డ్రమ్ములు బిగించి, వాటి వెనకే కూర్చుని కునుకు తీస్తుంటే టొరంటో నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావురా నాన్నా?"

కళ్లు నులుముకుని టేపు చూశాడు. "ఇర్వింగ్‌లో అమ్మా."

"అన్నం తిన్నావా?"

కౌస్తుభ్ మళ్లీ టేపు వంకే చూశాడు.