ఆముదం గింజకు వచ్చిన జవాబు

తొంభైలు సగం దాటిన కాలం. మహబూబ్‌నగర్ల ఒక చిన్న డిగ్రీ కాలేజీల నేను కంప్యూటర్ పాఠాలు చెప్తుంటి. స్టాఫ్‌రూంల నా పక్క కుర్చీ బాటనీ మేడమ్‌ది. నాకంటె చానా పెద్దది. పిల్లలు మేడమ్ అన్నా, మేమందరం ఆపా, అంటే అక్కా, అనే పిలిచేటోళ్లం.

ఆపా పీహెచ్‌డీ ఆముదం గింజల మీద. ఆ గింజలు కోస్గి దిక్కున మా నాయిన చేన్లవే, నేనే సంచిల కట్టి తెచ్చిచ్చిన. సెలవు దొరికినప్పుడల్లా ఆమె హైదరాబాద్ ల్యాబ్‌కు పోయి, ఆ గింజల నుంచి ఒక ప్రోటీన్‌ను వేరుచేసి, దాంట్ల ఒక ముక్క వరుసను పట్టుకొచ్చింది. వరుసంటే ఇంగ్లిష్ అక్షరాల దండ. ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లానికి గుర్తు. కానీ ఆమె గైడ్ దాన్ని చూసి పెదవి విరిచిండు.

"గింజలకు బూజు పట్టిందేమో, ఇది బూజు ప్రోటీన్ కావచ్చు అంటున్నడు," అన్నది ఆపా, టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యకుండా. "ఇన్నాళ్ల మెహనత్ మట్టిల కలుస్తదేమో."

"అది ఆముదందో బూజుదో ఎట్ల తెలుస్తది ఆపా?"

"దునియాల ఇప్పటిదాక దొరికిన ప్రోటీన్ల వరుసలన్నీ ఒక డేటాబేస్‌ల జమ చేసిండ్రు. మనదాన్ని వాటితోని పోల్చి చూడాలె. ల్యాబ్‌ల ఉన్నది ఒక్కటే కంప్యూటరు. నా వంతు ఎప్పుడొస్తదో ఏమో."

మా కాలేజీకి అప్పుడే ఒక మోడెమ్ వచ్చింది. ఫోన్ లైన్ మీద హైదరాబాద్‌కు కలిపితే గీపెట్టి గీపెట్టి కలిసేది. వెబ్ పేజీ తెరుద్దామంటే సగంల తెగిపోయేది. ఈమెయిల్ మాత్రం బరాబర్ పోయేది. పాత కంప్యూటర్ పత్రిక ఒకటి తిరగేస్తుంటే, ఆ డేటాబేస్‌కు మెయిల్‌ల 'హెల్ప్' అన్న ఒక్క మాట పంపితే వాడే పద్ధతంతా వస్తదని కనబడ్డది. పంపిన. వచ్చింది. రెండుసార్లు చదివిన. అక్కడ మనుషులతోని పనే లేదు. చెప్పిన తీరుగ మెయిల్ రాస్తే మిషనే చదువుతది, వెతుకుతది, జవాబు పంపుతది!

"ఆపా, మీ వరుస తీస్కొని రాండ్రి!" అని వరండాల ఉరికిన.

ఆ తీరు మాత్రం మహా మొండిది. ఏ గీతల ఏముండాలె, వరుస ఎక్కడ మొదలుగావాలె, అన్నిటికీ లెక్కున్నది. చేత్తోని రాస్తే ఎక్కడో ఒకచోట తప్పుతది. అందుకని సి భాషల ఒక ప్రోగ్రాం రాయడం మొదలువెట్టిన. వరుస ఇస్తే అది మెయిల్‌ను తయారుచేసి పంపాలె. తిరిగొచ్చిన చాంతాడంత జవాబుల నుంచి, ఏ జీవితోని ఎంత కలిసిందో ఏరి చూపాలె.

లైన్ ఖాళీగ ఉంటదని పొద్దుగాల్నే పోయి మొదటిది పంపినం. చాయ్ తాగొచ్చి మళ్ల కలిపితే జవాబు రానే వచ్చింది: వరుసల తెలువని అక్షరాలున్నయ్. మళ్ల పంపినం. మళ్ల అదే. ఆపా తన అక్షరాలన్నిటినీ వేలువెట్టి సరిచూసింది. ఒక్క తప్పు లేదు.

ఆఖరికి పోయిన మెయిల్‌ను మొత్తం తెరిచి చూస్తే నవ్వాగలేదు. కాలేజీ పేరు లేకుండ ఏ మెయిలూ బయటికి పోవద్దని మా ప్రిన్సిపాల్ హుకుం. అందుకని పేరు, ఊరు ప్రతి మెయిల్ కింద వాటంతట అవే అతుక్కుంటున్నయ్. అక్కడి మిషన్ వాటిని సుత ప్రోటీనే అనుకుంటున్నది.

"యా అల్లా! మన కాలేజీని ఆముదంల కలిపి పంపినమా?" అని ఆపా కడుపు పట్టుకొని నవ్వింది.

కాలేజీ పేరును మెయిల్ శీర్షికలకు మార్చిన. సార్ మాట దక్కింది, మా వరుసా దక్కింది.

"జర ఆగు," అన్నది ఆపా. "ముందు నీ ప్రోగ్రాంకు పరీక్ష. ఆముదం గింజల ఉండే విషం సుత ఒక ప్రోటీనే, దాని వరుస పుస్తకంల ఉన్నది. అది పంపు. గురిగింజ విషం దానికి దగ్గరి చుట్టం. జవాబుల గురిగింజ రాకుంటే నీ ప్రోగ్రాం తప్పు."

పంపినం. తెరమీద ముందు ఆముదం పేరు, దాని కింద గురిగింజ పేరు! చిన్నప్పుడు చెలకల ఏరుకొని ఆడుకున్న ఆ ఎర్రగింజ, సముద్రాల అవతలి మిషన్ల నుంచి మా ముందటికొచ్చి కూసున్నట్లనిపించింది. ఇద్దరం ఒక్కసారే చప్పట్లు కొట్టినం. అటెండర్ తలుపు కాడికొచ్చి ఏమైందోనని చూసిండు.

ఇగ అసలు వరుస. పంపి, మళ్ల కలిపే సరికి ఆపా కుర్చీల కూసోలేక నిలబడే ఉన్నది. ప్రోగ్రాం ఒక్కో పేరూ తీస్తాంది. మొదటి పేరు ఆముదం. తర్వాత ఆవాల జాతి. దాని వెనుక ఇంకిన్ని నూనెగింజలు. బూజు పేరు ఎక్కడా లేదు. గింజ తన మొలక కోసం దాసుకునే ప్రోటీన్ అది.

"ఆముదమే! మన ఆముదమే!" అంటూ ఆపా నన్ను గట్టిగ పట్టుకున్నది. ఆమె కండ్లల్ల నీళ్లు. నాకైతే ఎగరాలనిపించింది, ఎగిరిన కూడా.

ఆదివారం ఊరికి పోయి నాయినకు చెప్పిన. "మన గింజలు ఆముదమే అని తేలింది నాయినా!"

ఆయన గొర్లకు కొమ్మలు కొడుతూ నా దిక్కు వింతగ చూసిండు. "మరేమనుకున్నరు బిడ్డా, పల్లీలనుకున్నరా?"

ఆ జవాబును అచ్చుతీసి ఆపా గైడ్‌కు చూపించింది. పని ముందుకు నడిపించుమన్నడట. ఆపా ఆ కబురు తెచ్చిన నాడే జువాలజీ సార్ నా బల్ల కాడ కుర్చీ గుంజుకున్నడు. "చాపల గురించి అడిగితే కూడా చెప్తదా నీ ప్రోగ్రాం?" అన్నడు. సార్‌కు కావాల్సింది చాపల డీఎన్‌ఏ వరుసలు, వాటికి ఇంకో డేటాబేస్, దాని తీరు వేరు. ప్రోగ్రాంల ఇంకో భాగం కలపాలె. ఆ డేటాబేస్‌కు సుత 'హెల్ప్' అని పంపెతందుకు సార్ ముందటనే మోడెమ్ కలిపిన.