సూర్యుణ్ణి కట్టేసే రాయి

మచు పిచ్చు కొండ మీద, ఒకప్పటి ‘ఇన్కా’ జాతివాళ్లు సూర్యుణ్ణి కట్టేయడానికి చెక్కుకున్నదని చెప్పే రాయి ఒకటుంది. జులై సెలవుల్లో ఆస్ట్రేలియాలోని కెల్లీవిల్ నుంచి అంత దూరం పోయి చూశాం. దండం పెట్టుకుని వచ్చేస్తే సరిపోయేది. మా ఆవిడ షూస్ విప్పేసి, రాయి చుట్టూ కట్టిన తాడు వెంబడి ప్రదక్షిణం మొదలుపెట్టింది.

"అందరూ చూస్తున్నారు, షూస్ వేసుకో," అని కసిరాను.

"గుడే కదండీ, టూ మినిట్స్ ఆగండి," అంది.

గైడ్ వచ్చి ఆమెను ఆపాడు. ఎందుకలా తిరుగుతున్నారని నన్నడిగాడు. సూర్యుడు తిరిగే వైపే మేమూ తిరుగుతామని గొప్పగా చెప్పాను. అతను నవ్వి ఆకాశం చూపించాడు. భూమధ్యరేఖకు దక్షిణాన కదా, ఇక్కడ సూర్యుడు ఉత్తరంగా, కుడి నుంచి ఎడమకు పోతున్నాడు. అంటే మేం తిరిగేది సూర్యుడికి ఎదురు. "మీ ఆస్ట్రేలియాలోనూ అంతేగా?" అన్నాడు.

పద్దెనిమిదేళ్లుగా ఆ ఎండలోనే బట్టలారేసుకుంటున్నాం. ఒక్కనాడూ తలెత్తి చూడలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున, మా ఆవిడ పెరట్లో తులసి కుండీ ముందు చెంబుతో నిలబడిపోయింది.

"ఏవండీ, ఎటు తిరగను?"

నేను పెరట్లోకొచ్చి, తలెత్తి సూర్యుడి వైపు చూశాను.