గిటారు బాగుచేస్తుంటే పాట అడిగిన పిన్నిగారు

చవగ్గా వచ్చిందని కొన్న నా ఎలక్ట్రిక్ గిటారు రేకు డబ్బాలా మోగుతోంది. ఈరోజైనా దాని సంగతి తేల్చాలని పొద్దున్నే కూర్చున్నాను. నిన్న రేపల్లె నుంచి తెనాలి వెళ్లి తెచ్చిన కొత్త తీగలు వేశాను. తీగల కిందుండి మోతను పట్టే పికప్‌ను స్క్రూలు తిప్పి కాస్త పైకి లేపాను. మోత కొంచెం నిండుగా వచ్చింది గానీ నాకు చాలలేదు. మళ్లీ దించాను, మళ్లీ లేపాను. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సాయంత్రం పక్క వాటాలోంచి మస్తాన్‌బీ పిన్నిగారు కేకేశారు. కాలు విరిగి నెల నుంచి ఆవిడ మంచం మీదే ఉన్నారు. తిడతారేమోనని కిటికీ దగ్గరకెళ్లి నేనే ముందు అన్నాను.

"సారీ పిన్నిగారూ, గోల ఎక్కువైందండి."

"గోలకేంలే బాబూ. ఇప్పుడు పాటొచ్చుద్ది, ఇప్పుడు పాటొచ్చుద్దని పొద్దుటి నుంచి చూస్తన్నా. ఇంతకీ అది పాడుద్దా, పాడదా?"

సిగ్గేసింది. ఒక పాత పాట మొత్తం వాయించాను. ఆవిడ మంచం పట్టె మీద తాళం వేస్తూ విని, ఇంకోటి కానిమ్మన్నారు. అదీ వాయించాను. ఆవిడ సంతోషించారు గానీ, వాయిస్తున్నంతసేపూ మూడో తీగ ఇంకా పొడిగానే పలుకుతోందని నాకు లోపల పీకుతూనే ఉంది.

మీలో ఎవరికైనా ఈ జబ్బుంటే, ఎలా తగ్గిందో కాస్త చెప్పండి.