వదినగారి చీలిక పరీక్ష

ఆవిడకి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలు పొంగితే స్టవ్వుని అనుమానించేది, ఎవరైనా ఊరికే నవ్వితే ఆ నవ్వుని అనుమానించేది. కృత్రిమ పాదాలు తయారుచేసే ఆ వర్క్‌షాపులో అందరికీ ఆవిడ వదినగారు. నిజానికి ఆ పిలుపు హక్కు ఒక్క మరిదిదే. అతను పక్క గదిలో కార్బన్ గుడ్డ పొరలు పేర్చేవాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ అందుకున్నారు. వెనకాల ఏమని పిలిచేవారో ఇప్పుడెందుకులెండి.

అక్కడి పాదమంటే వంపు తిరిగిన నల్లటి పలక. కార్బన్ గుడ్డ పొరల్ని జిగురుతో ఒకదానిమీద ఒకటి అంటించి, వేడిలో గట్టిపరుస్తారు. అది పుటుక్కున విరిగేరకం కాదు. చెడితే లోపల్లోపలే పొరలు విడిపోతాయి, పైకి చప్పున తెలీదు. అందుకే కొత్త జిగురు వచ్చినప్పుడల్లా వదినగారు పరీక్ష పెట్టాలి.

పరీక్షకి అవే పొరలతో ఓ పట్టీ చేస్తారు. ఒక చివర, నడిమి పొరల మధ్య, జిగురు అంటకుండా పలచటి ప్లాస్టిక్ కాగితం పెడతారు. ఆ చివరికి పైనా కిందా చిన్న మడతబందులు అతికించి యంత్రంతో లాగితే, కాగితం అంచు దగ్గర చీలిక మొదలై మెల్లగా ముందుకి పాకుతుంది. పట్టీ పక్కకి తెల్లరంగు పూసి, గీతలు గీసి, చీలిక ఏ గీత దాటిందో, దాటడానికి ఎంత బలం పట్టిందో భూతద్దంలోంచి చూడాలి. ఇలాంటి ఉద్యోగం ఆవిడకి కాక ఇంకెవరికిస్తారు!

ఈసారి వచ్చిన జిగురు నెగ్గితే మొదటి పాదం ఆవిడ భర్తకే. ప్రమాదంలో ఒక కాలు పోయిన మనిషి, ఏళ్ల తరబడి పాత పాదంతోనే నెట్టుకొస్తున్నాడు. అన్నయ్య పాదం నేనే చేస్తానని మరిది పట్టుబట్టాడు.

పట్టీలు అదరగొట్టాయి. ఇంత బలం తట్టుకున్న జిగురు ఆ గదిలో ఇదివరకు లేదు.

"ఇంకేం కావాలమ్మా? సంతకం పెట్టెయ్," అన్నాడు మేనేజరు.

ఆవిడ పెట్టలేదు. చీలిక పాకలేదు, దూకింది. చాలాసేపు మొండికేసి, ఒక్కసారి టక్కుమని మూడు గీతలు దాటేసింది. ఇదేం దూకుడు? పైగా మరిది పొద్దుట్నుంచీ ఆవిడ కంటబడకుండా తప్పించుకు తిరుగుతున్నాడు. వీడేదో చేశాడు, జిగురు నెగ్గించి మేనేజరు మెప్పుతో మేస్త్రీ అయిపోదామని కన్నేశాడు, అనుకుంది. కన్నేస్తే వేశాడు, సొంత అన్న కాలితోనా ఆటలు? ఒళ్లు మండిపోయింది.

పట్టీని రెండుగా చీల్చి, లోపలి కాగితాన్ని గోటితో లేపి వేళ్ల మధ్య నలిపింది. మందంగా ఉంది. దాని అంచున జిగురు చిన్న ముద్దకట్టింది. కాగితం మందమైతే చీలిక మొద్దుబారి, మొదలవడానికే ఎక్కువ బలం అడుగుతుంది. అదంతా జిగురు గొప్పేనని మనం మురిసిపోతాం. ఆవిడ విసురుగా పక్క గదిలోకి వెళ్లింది.

"ఇదేంటయ్యా?"

మరిది చేతిలోని కార్బన్ గుడ్డ పక్కన పెట్టాడు. "కాగితమే వదినా."

"పాదాల అచ్చు మీద పరిచే మందపాటి కాగితం! నా కళ్లు కప్పుదామనా? రేపు దాంతో మెట్లెక్కేది మీ అన్నయ్య!"

"ఒట్టు వదినా, దానివల్ల తేడా వస్తుందని నాకు తెలీదు. పలచది అయిపోయింది."

"అయిపోవడమేంటి? నా బీరువాలో నిండు చుట్ట ఉంది. మీరంతా పాడుచేస్తున్నారని నేనే తాళం వేశా."

"అదే వదినా."

"ఏంటి అదే? నోరు తెరిచి అడగొచ్చుగా!"

అతను గ్లవ్సు విప్పుతూ నేల చూపులు చూశాడు. "ఇవ్వవని కాదు. పాతదేమైంది, ఎవరు తీశారు, నువ్వేం చేశావు... అదంతా పడలేక అడగలేదు."

ఆవిడ తాళంచెవి అతని చేతిలో పెట్టి వచ్చేసింది.

పలచ కాగితంతో మళ్లీ పట్టీలు చేశారు. ఈసారి చీలిక ఎక్కడా దూకకుండా, చాలా తక్కువ బలానికే పాకుతూ పోయింది. జిగురు పనికిరాదని తేలిపోయింది. ఆవిడ అనుమానమే నిజమైంది. అయినా మనసంతా చేదుగా ఉంది.

సాయంత్రం ఇంటికెళ్లి భర్త పక్కన కూర్చుంది. "కొత్త పాదం ఇప్పట్లో రాదండీ. ఇంకొన్నాళ్లు పాతదాంతోనే సర్దుకోవాలి."

ఆయన మొహం వాడిపోయింది. "ఆ పాతది కొన్నాళ్లుగా చప్పుడు చేస్తోంది," అన్నాడు.

ఆవిడ పాదం విప్పి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కొంచెం వంచి చూసింది. మడమ దగ్గర పొరలు నోరు తెరిచాయి. సందులో గోరు దూరింది.

"దీంతోనే మెట్లెక్కుతున్నారా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు మొదలుపెడతావుగా. ఎక్కడ తగిలించారు, ఎవరితో వెళ్లారు, ఎందుకు దాచారు..." నవ్వబోయి ఆగాడు. "పడితే అప్పుడే తెలుస్తుందిలే అనుకున్నా."

ఇంకో ప్రశ్న అడగడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. ఆ నల్లటి పాదాన్ని ఒళ్లో పెట్టుకుని భోరున ఏడ్చింది.