పడవ ఆట గురించి నేను చెప్పిన అబద్ధం

1998లో తిరుపతి బస్టాండుకూ రైల్వే స్టేషనుకూ మధ్య, లాడ్జీలున్న ఒక వీధిలో నాకు వీడియో గేమ్స్ పార్లర్ ఉండేది. ఒకటే గది. నాలుగు మెషీన్లు, ఒక స్టూలు, ఒక టేబుల్ ఫ్యాను. కొండ బస్సు కోసం ఎదురుచూసే యాత్రికుల పిల్లలు, బడి ఎగ్గొట్టిన ఊరి పిల్లలు నా గిరాకీ. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఆ గదిలో కుదురుగా కూర్చున్న పూట ఒక్కటీ గుర్తులేదు. ఎదురు వరసలో ఇంకో పార్లర్ తెరిచారు. గడపలో నిలబడి, రోడ్డు దాటి అటు పోయే పిల్లల్ని చూడటమే నా పనైపోయింది.

పోయిన నెల ఏర్పేడు దగ్గరి ఒక కాలేజీ పిల్లలు నన్ను పిలిచారు. పాత వీడియో గేముల మీద వాళ్ళకో క్లబ్బు ఉంది. ఎవరూ పట్టించుకోకపోయినా ఒక్కసారైనా ఆడి చూడాల్సిన ఆటల గురించి చెప్పమన్నారు. గొట్టాలు కలుపుకుంటూ పోయే ఆట గురించి, తుపాకీ లేకుండా మట్టి తవ్వుకుంటూ తప్పించుకునే ఆట గురించి చెప్పాను. చివరగా పడవ ఆట గురించి చెప్పాను. ఆ ఆటతో చెయ్యి బాగు చేసుకుని మళ్ళీ క్షవరం కత్తి పట్టిన మునిరత్నం కథ చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఈ కథ నేను ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. ఇందులో మొదటి సగమే నిజం. మిగతా సగం సరిచేయడానికి ఇది రాస్తున్నాను.

ముందు మా వృత్తి గురించి కొంచెం చెప్పాలి. పార్లర్లో కనిపించే ఆ పెద్ద చెక్క పెట్టెను క్యాబినెట్ అంటాం. ఆట ఉండేది అందులో కాదు, దాని వెనక బిగించిన సర్క్యూట్ బోర్డులో. బోర్డు మారిస్తే ఆట మారిపోతుంది. ఒక్కో టోకెన్‌కు ఒక్కో ఆట. అంటే ఆడేవాడు ఎంత త్వరగా ఓడిపోతే మాకు అంత లాభం. మంచి ఆటలు చాలావాటికి అదే శాపమైంది. నిదానంగా, ఆలోచించి ఆడే ఆటలో కాస్త పనితనం వచ్చినవాడు ఒక్క టోకెన్‌తో అరగంట నిలబడిపోతాడు. అలాంటి బోర్డును ఏ పార్లర్ వాడూ ఎక్కువ రోజులు ఉంచుకోడు. పిల్లలకు నచ్చక మూలనపడ్డ ఆటలు కొన్నే. మేం తీసి పక్కన పడేసినవే ఎక్కువ.

పడవ ఆట అలాంటిది. సన్నటి కాలవలో పడవను గట్టుకు తగలకుండా నడపాలి. శత్రువులు లేరు, పేలుళ్ళు లేవు. జాయ్‌స్టిక్ బదులు గుండ్రటి డయల్ ఒకటి ఉండేది. వెంట్రుకవాసి ఎక్కువ తిప్పితే ఒక గట్టు, తక్కువ తిప్పితే ఇంకో గట్టు. తగిలితే పడవ మునగదు. నాలుగు బారలు వెనక్కి పోతుంది, మళ్ళీ రావాలి. పిల్లలు దాని మీద చొక్కాలు ఆరేసేవాళ్ళు.

మునిరత్నం ఒక పొద్దున వచ్చి నేరుగా దాని ముందు నిలబడ్డాడు. నలభై ఏళ్ళు ఉంటాయి. కొండమీద తలనీలాలు తీసే చోట క్షురకుడు. మోపెడ్ మీంచి పడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చెయ్యి వణుకుతోంది. దేవస్థానం వాళ్ళు కత్తి తీసేసుకుని, బ్లేడ్లను సగానికి విరిచి కత్తుల్లో పెట్టే పనికి కూర్చోబెట్టారు. రెండు నెలల తర్వాత పరీక్ష. చుక్క నెత్తురు రాకుండా మూడు గుండ్లు గీస్తే మళ్ళీ కత్తి ఇస్తారు. లేకపోతే బతికినన్నాళ్ళూ బ్లేడ్లు విరవడమే. ఇరవై ఏళ్ళు చేతిపనితో బతికిన మనిషికి అదెంత అవమానమో అతను చెప్పలేదు. ఆ డయల్ పట్టుకున్న తీరులో కనిపించింది.

రోజూ పిల్లలు బడికి పోయే వేళకు వచ్చేవాడు. కాలవలోని మలుపులకు తల మీది చోట్ల పేర్లు పెట్టుకున్నాడు.

"ఇది నడినెత్తి. కండ్లు మూసుకోని పోవచ్చు. ఇది సుడి. ఇదుండాదే, పన్నెండోది, ఇది సెవి ఎనక. ఈడ తొందరపడితే నెత్తురే."

"ఆటలో నెత్తురెక్కడిదన్నా?" అన్నాను.

"నీకు ఆటబ్బా. ఆడుకో."

నెలన్నరకు చేతి వణుకు బాగా తగ్గింది. పన్నెండో మలుపు దగ్గర మాత్రం పడవ తగిలేది. ఒకరోజు రెండుసార్లు తగలకుండా దాటించి, నా వైపు తిరిగి, "శేకరా, పరీచ్ఛకు ఇంకా పదారు దినాలు ఉండాది. అంతవరకు ఈ బోర్డు కదిలించగాకు" అన్నాడు.

"నేనెందుకు కదిలిస్తానన్నా?" అన్నాను. మాటిచ్చినట్టే అది.

నాలుగో రోజు మద్రాసు నుంచి బోర్డులు తెచ్చే ఆయన వచ్చాడు. సంచిలో కొత్త కొట్లాట ఆట ఉంది. ఎదురు పార్లర్ వాడు అడుగుతున్నాడని చెప్పాడు. పాత బోర్డు ఒకటిస్తేనే కొత్తది ఇస్తానన్నాడు.

"ఆ పడవ బోర్డు ఇయ్యి తంబీ. డయలు గూడా. చిత్తూర్లో ఒకాయన అడగతా ఉండాడు."

"పన్నెండు రోజులు ఆగి తీసుకుపోకూడదా?"

"పన్నెండు దినాలకు నీ పిల్లకాయలంతా ఆ పక్క ఉంటారే."

గడపలోకి వెళ్ళి ఎదురు పార్లర్ వైపు చూశాను. వెనక్కి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. స్క్రూడ్రైవర్ తీసుకున్నాను.

మర్నాడు మునిరత్నం వచ్చేసరికి డయల్ ఉన్న చోట జాయ్‌స్టిక్ ఉంది. నిజం చెప్పాలనే అనుకున్నాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"బోర్డు కాలిపోయిందన్నా. మద్రాసుకు రిపేరుకు పంపినా."

అతను వేలితో ఆ జాయ్‌స్టిక్‌ను తట్టి చూశాడు. "బోర్డు కాలితే డయలు యాడికి పోయిందబ్బా?"

"అదీ దాంతోనే."

వెళ్ళిపోయాడు. కానీ రోజూ వచ్చేవాడు. కొత్త ఆట దగ్గర పిల్లలు గోల చేస్తుంటే, గడప బయటే నిలబడి, "బోర్డు వచ్చిందా?" అనేవాడు. "రేపొస్తుందన్నా" అనేవాణ్ణి. ఆ వేళ దగ్గరపడుతుంటే నాకు కాలు నిలిచేది కాదు. రెండు రోజులు అతను కనిపించలేదు. హమ్మయ్య అనుకున్నాను. మూడోరోజు మళ్ళీ వచ్చి అదే మాట అడిగాడు.

పరీక్షకు మూడు రోజుల ముందు లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"బోర్డు రాకుంటే పోనీలే. నీ తల ఒకసారి ఇయ్యి. తెలిసినోళ్ళ తలయితే సెయ్యి బెదరదు."

"వచ్చేవారం పెళ్ళిచూపులున్నాయన్నా."

"తిరపతిలో గుండు సూసి పిల్లనియ్యనోడు ఎవుడబ్బా?"

ఇద్దరం నవ్వాం. తల మాత్రం ఇవ్వలేదు. పెళ్ళిచూపులేం లేవు. అతని చేతిలో బ్లేడును తలచుకుంటే నాకు భయమేసింది.

పరీక్షలో రెండో గుండు దగ్గర, చెవి వెనక తెగింది. ఆ సాయంత్రం వచ్చి "పొయ్యిందబ్బా" అని ఒక్క మాట చెప్పి వెళ్ళాడు. మళ్ళీ నా పార్లర్‌కు రాలేదు. మూడేళ్ళకు పార్లరే మూసేశాను. ఎక్కడైనా ఆటల మాట వస్తే మునిరత్నం కథ చెప్పడం మొదలుపెట్టాను. మొదటిసారి, చివర్లో ఏం జరిగిందని ఎవరో అడిగితే, "పాసయినాడు" అనేశాను. వినేవాళ్ళ మొహాలు వెలిగాయి. ఆ తర్వాత మార్చడం నా వల్ల కాలేదు.

కాలేజీలో ఆరోజు మాట్లాడటం అయిపోయాక ఒకమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఆ పడవ ఆట ఎక్కడో సంపాదించి, అందులో ఎక్కించుకుంది. "సర్, పన్నెండో మలుపు దగ్గర తగులుతా ఉంది. ఎట్ల తిప్పల్ల?" అని అడిగింది. నాకు తెలియదు. మూడు మలుపులకు మించి నేనెప్పుడూ ఆడలేదు. ఆడి తీరాలని అందరికీ చెప్పిన ఆటను నేనే పూర్తిగా ఆడలేదు. ఆ ప్రశ్న తర్వాత నాకు వారం రోజులు ఇంట్లో నిలకడ లేదు. చివరికి వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, చంద్రగిరి దగ్గరున్న మునిరత్నం వాళ్ళ ఊరికి వెళ్ళాను.

మునిరత్నం వరండాలో చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. మొదట గుర్తుపట్టలేదు. పేరు, పార్లర్ సంగతి చెప్పాను. చేతిలోని కాయ ఒలిచి పడేసి, "బోర్డు వచ్చిందా?" అన్నాడు.

అక్కడే కింద కూర్చున్నాను. "అది కాలిపోలేదన్నా. నేనే ఇచ్చేసినా."

"తెలుసు. మా సెల్లెలింటికి పొయినప్పుడు చిత్తూర్లో సూసినా. డయలు ఒక పక్క అరిగుంటాదే, అదే డయలు. రెండు దినాలు ఆడనే ఉండి ఆడినా. మళ్ళా డ్యూటీకి రావల్ల గదా."

"తెలిసీ రోజూ ఎందుకడిగినావన్నా?"

"నువ్వు నిజం సెప్తావేమోనని. సెప్పుంటే ఇద్దరం పొయ్యి ఆ చిత్తూరాయన్ని అడిగేవాళ్ళం. పది దినాలకు ఇచ్చేవాడే. ఆడ గూడా ఎవురూ దాన్ని ఆడతా ల్యా."

బోర్డు మార్చడం మా వ్యాపారంలో మామూలే. దాన్ని ఏదో ఒక విధంగా సర్దుకోవచ్చు. నేను చెప్పిన అబద్ధమే ఆ దారి మూసేసింది. ఇన్నేళ్ళూ నేను బోర్డు గురించి బాధపడ్డాను. తప్పు ఉన్నది అక్కడ కాదు. ఎవరూ ఆడని ఆట అని మనం తీసిపారేసేదాన్ని ఎవరో ఒకరు ఆడుతూనే ఉంటారన్నది నేను నేర్చుకున్న మొదటి పాఠం. అది చాలా తేలికైన పాఠం. తప్పంతా అబద్ధంలోనే ఉందన్న రెండోది నేర్చుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

"బోర్డు దొరికినా ఆ దినం నా సెయ్యి వణకదని యాడుండాది?" అన్నాడు అతనే. "అది నీకూ తెలీదు, నాకూ తెలీదు."

"అప్పుడు ఇయ్యలేదు. ఇప్పుడు తల తెచ్చినానన్నా" అన్నాను.

నా నెత్తి చూసి చాలాసేపు నవ్వాడు. "దీంట్లో గీసేదానికి ఏముండాదప్పా? ఇంత దినం దాసిపెట్టి బోడినెత్తి తెచ్చినావే."

నవ్వు ఆగాక లేచి నా వెనక్కి వచ్చాడు. "సెవి ఎనక నాలుగు ఎంటికలు ఉండాయి. నాకు కుదరని సోటే." లోపల్నుంచి చెంబుతో నీళ్ళు, కత్తి తెచ్చుకున్నాడు. బ్లేడును సగానికి విరిచాడు. అది మాత్రం చెయ్యి వణక్కుండా విరిచాడు.

"కదలగాకు."

కదల్లేదు. కత్తి మెల్లగా చెవి చుట్టూ తిరిగింది. ఒకచోట చురుక్కుమంది. చెయ్యి ఆగింది.

"తగిలిందా?" అన్నాడు.

"తగిలిందన్నా" అన్నాను.

"సరే. నాలుగు బారలు ఎనక్కి పొయ్యి మళ్ళా వస్తా ఉండు" అని, కత్తి మళ్ళీ ఆనించాడు.