తడి ఇసుక మీద మా అత్త

మా మేనత్త పోయిన కబురు నాకు బడిలో అందింది. గూడూరులో నేను పనిచేసే బడి అది. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. నెల్లూరు నుంచి వచ్చిన బస్సు క్లీనరు గుమ్మం దగ్గర నిలబడి, "అయ్యగారు చెప్పి పంపినారమ్మా. పెద్దమ్మగారు తెల్లారుజామున పోయినారంట. మిమ్మల్ని నేరుగా రోడ్డు కొసకి వచ్చేయమన్నారు" అన్నాడు. అయ్యగారంటే మా నాయన, మా పాలెం చర్చికి పాస్టరు. పెద్దమ్మగారు ఆయన అక్క. కొన్నాళ్లుగా గుండెజబ్బుతో నెల్లూరు పెద్దాసుపత్రిలో ఉంది. పిల్లలు ఎక్కం ఆపలేదు, నేనూ ఆపమనలేదు. రోడ్డు కొసకి రమ్మన్నారంటే, అక్కడి నుంచి ఇసుక మీద అత్తను ఇంటికి తోలుకుపోవాల్సింది నేనేనని అర్థమైంది. ఆవిడ నాకు జీపు తోలడం నేర్పింది ఇందుకా అనిపించి చెప్పలేనంత కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియదు.

మా ఊరు ఇందుకూరుపేట దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పాలెం. రోడ్డు మా ఊరిదాకా రాదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పు కయ్యలు, బురద. ఊళ్లో నుంచి రోడ్డు కొసకు చేరాలంటే ఒడ్డు వెంట తడి ఇసుక మీద పోవడమే. సముద్రం వెనక్కి తగ్గే వేళను మావాళ్లు పాటు అంటారు, ముందుకొచ్చే వేళను పోటు అంటారు. పాటులో బయటపడే తడి ఇసుక గచ్చు నేలలా గట్టిగా ఉంటుంది. పోటు మొదలైతే ఆ దారి నీళ్లలో కలిసిపోతుంది. పైన మిగిలేది పొడి ఇసుక, అందులో చక్రం దిగితే ఇక అంతే సంగతులు.

ఆ పాలెంలో మిషను వాళ్ల చిన్న ఆసుపత్రి ఉంది. డాక్టరు దొరసాని సొంత దేశానికి వెళ్లిపోతూ ఒక పాత మిలిటరీ జీపును వదిలిపోయింది. ఆ తర్వాత నర్సూ, మంత్రసానీ, జీపు తోలే మనిషీ అన్నీ అత్తే. జీతానికి వచ్చిన డ్రైవర్లు ఆ ఉప్పుగాలికీ ఇసుకకూ దణ్ణం పెట్టి పోయారు. అత్త పెళ్లి చేసుకోలేదు. మాట పొదుపు, కోపం దండి. తెల్లచీర కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని, ప్రయాణం నుంచి రాగానే జీపును బావినీళ్లతో గేదెను కడిగినట్టు కడిగేది. తను తర్వాత కాళ్లు కడుక్కునేది. "ఉప్పు తినేస్తదిమే దీన్ని. మనల్ని తిన్నా పర్లే" అనేది.

మా వాళ్లలో ప్రార్థన లేకుండా ఏ ప్రయాణమూ మొదలుకాదు. జీపు కదలబోతుంటే చుట్టూ అందరూ చేరి కళ్లు మూసుకుంటారు, నాయన ప్రార్థన చేస్తాడు. నాయన ప్రార్థనలంటే ఊరికి ఇష్టం. ఎవరినీ మరిచిపోడు. పేరుపేరునా అడుగుతాడు దేవుణ్ణి.

నేను ఎస్సెస్సెల్సీ చదువుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం, చేపలవాళ్ల ఇళ్ల నుంచి ఒక తొలిచూలు పిల్లను మంచం మీద మోసుకొచ్చారు. నా ఈడుదే. బిడ్డ అడ్డం తిరిగింది, నెల్లూరు తీసుకుపోవాలంది అత్త. పిల్లను జీపు వెనక పడుకోబెట్టి, తల పట్టుకోవడానికి నన్ను ఎక్కించారు. నాయన ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ పిల్ల మీద జాలితోనే ఆ రోజు ఎప్పటికంటే ఎక్కువసేపు చేశాడు. పిల్ల కోసం, కడుపులో బిడ్డ కోసం, వేటకెళ్లిన మొగుడి కోసం, నెల్లూరు డాక్టర్ల కోసం, జీపు చక్రాల కోసం. నేను మధ్యలో కళ్లు తెరిచాను. అందరి తలలూ వంగి ఉన్నాయి. అత్త ఒక్కతే స్టీరింగు మీద చేతులు పెట్టుకుని సముద్రం వైపు చూస్తోంది. పాస్టరు ప్రార్థనను మధ్యలో ఆపడం మాలో ఎవరూ ఎరుగరు. అత్తా ఆపలేదు. ఆమెన్ అనేసరికి సముద్రం పోటుకు తిరిగింది.

సగం దారిలో ఏరు సముద్రంలో కలిసే మొగ ఉంది. అక్కడికి చేరేసరికి తడి ఇసుక లేదు. పైకి మళ్లిస్తే జీపు దిగబడింది. వెంట వచ్చినవాళ్లు తాటిమట్టలు నరికి చక్రాల కింద వేశారు. అత్త స్టీరింగు వదిలి వెనక్కి వచ్చింది, మళ్లీ ముందుకు పోయింది, మళ్లీ వచ్చింది. "అక్కా, వచ్చేసినామా?" అని అడుగుతోంది ఆ పిల్ల నన్ను. వచ్చేసినామన్నాను. రోడ్డు కొస చేరేటప్పటికి నా చేతుల్లో ఆ తల బరువెక్కింది. బిడ్డా దక్కలేదు.

తిరిగి వచ్చాక చర్చి ముందు నిలబడి ఉన్న నాయనతో అత్త ఒక్క మాటే అంది. "నీళ్లు ముందొచ్చినాయి తమ్ముడా." అంతకుమించి ఎన్నడూ అనలేదు. కానీ నాయనకు ఆ మాట చాలింది. ఆ తర్వాత జీపు బయలుదేరే చప్పుడు వినపడితే చర్చిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. జీపు దగ్గరకు రాలేదు, ఎక్కలేదు. నెల్లూరు పోవాలంటే పాటు చూసుకుని నడిచే పోయేవాడు. అత్త నా దగ్గర మాత్రం విసుక్కునేది. "వాణ్ణి ప్రార్థన మానమన్నానామే నేను? బండెక్కి చేసుకోమంటుండా. ఎక్కనంటాడు."

ఆ పిల్ల పోయిన మర్నాడు పొద్దున్నే అత్త వచ్చి నన్ను లేపింది. "రామే, జీపు తోలడం నేర్చుకుందువు." అమ్మ గుండెలు బాదుకుంది. పెళ్లి కావాల్సిన పిల్ల, ఊరు ఏమనుకుంటుందని. అత్త నావైపు తిరిగి అంది. "నేను ముందరన్నా ఉండాల, ఎనకన్నా ఉండాల. రెండు చోట్లా ఉండేదానికి నా వల్ల కాలే, నిన్న చూసినావు గదా. ఎనక నా పని. ముందర నీ పని." నాయన అరుగు మీద కూర్చుని విన్నాడు. వద్దనలేదు.

జీపు నేర్పుతానని చెప్పి చాలా రోజులు జీపే ఎక్కించలేదు. చెప్పులు విప్పించి మొగదాకా నడిపించేది. "కాలితో చూడు. యాడ మడమ దిగతాదో ఆడ చక్రం దిగతాది." ఎండ్రకాయల బొరియలు ఉన్నచోట ఇసుక గుల్లగా ఉంటుందని, అలల నురగ ఆరీ ఆరకుండా ఉన్న గీత వెంటే పోవాలని అలా నడిచే నేర్చుకున్నాను. అరికాళ్లు గవ్వపెంకులకు తెగి మండేవి. అత్త తన కాళ్లూ చూపించేది, వీటి ముందు నీవి ఏపాటి అన్నట్టు.

తర్వాత స్టీరింగు దగ్గర కూర్చోబెట్టింది. క్లచ్చి అందక నడుముకు దిండు పెట్టుకునేదాన్ని. చక్రాల్లో గాలి కొంత తీసేయడం, ముందు చక్రాలకు కూడా బలమిచ్చే చిన్న గేరు వేయడం, ఇసుకలో బ్రేకు జోలికి పోకపోవడం నేర్పింది. ఇవన్నీ కాస్త పట్టుబడ్డాక ఒకరోజు జీపు వెనక్కి ఎక్కి, చాప పరుచుకుని వెల్లకిలా పడుకుంది. "నేను నొప్పులు పడతుండా అనుకో. పోనీ."

నెలల తరబడి నా చదువు అదే. వెనక్కి తిరిగి చూస్తే మాత్రం వీపు మీద ఒకటి పడేది. "ఎనక్కి చూడబాక. ఎనక నేనుండా గదా." గట్టిగా కుదిపితే "అబ్బా, ఇప్పుడు నా బిడ్డ అడ్డం తిరిగింది" అని వినిపించేది. ఒకసారి మొగ దగ్గర జీపును గుంటలోకి దించి గట్టిగా కుదిపేశాను. వెనక చాలాసేపు ఏ మాటా లేదు.  అప్పుడు తాపీగా అంది. "నేను చచ్చినానుమే. ఇంక నిదానంగా పోనీ, తొందరేం లేదు." నవ్వాపుకోలేక జీపు ఆపేశాను. ఆపినందుకు మళ్లీ తిట్లు. ఆవిడ నన్ను నవ్వించిన సందర్భాలు తక్కువ, అందుకే అది బాగా గుర్తు.

నిజంగా నొప్పులు పడే మనిషిని మొదటిసారి తీసుకుపోయిన రోజు స్టీరింగు గట్టిగా పట్టుకుని నురగ గీతనే చూస్తూ పోయాను. వెనక అరుపులు, అత్త గొంతు. "బిన్నా పోనీ. నిన్ను కాదమ్మా, నువ్వు తొందరపడబాక." మొగ దాటి కొంత దూరం పోయాక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. నేను వెనక్కి చూడలేదు. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు. అందరూ బతికారని చెప్పను. కొందరు దక్కలేదు. కానీ అత్త ముందర స్టీరింగు దగ్గర ఇరుక్కుపోయి, వెనక మనిషి ఆవిడ చెయ్యి అందకుండా పోవడం ఆ తర్వాత జరగలేదు. పాపం ఆవిడకు అదే తృప్తి.

గూడూరులో నాకు ఉద్యోగం వచ్చాక ఇంకో కుర్రవాడికి నేర్పింది. ఆమధ్య ఆవిడను ఆసుపత్రికి తీసుకుపోయింది అతనే. అలవాటుగా వెనక పడుకుని, అతన్ని తిడుతూనే పోయిందట.

నేను రోడ్డు కొసకు చేరేసరికి అత్త ఉన్న పెట్టెను జీపు వెనక ఎక్కించి ఉన్నారు. చర్చి సంఘమంతా వచ్చింది. ఆ కుర్రవాడు తాళం నా చేతిలో పెట్టి, "నువ్వు తోలక్కా. నాకు కళ్లు కనపడడంలే" అన్నాడు. చెప్పులు విప్పి ఇసుకలో దిగాను. పాటు అయిపోవచ్చి నీళ్లు నిలిచిపోయి ఉన్నాయి, ఇంకాసేపట్లో పోటుకు తిరుగుతాయి. ఇంతలో సంఘ పెద్దలు జీపు చుట్టూ చేరి తలలు వంచారు. "అయ్యగారూ, ప్రార్థన చేస్తే బయల్దేరదాం" అన్నాడు ఒక పెద్దాయన. అందరూ కళ్లు మూసుకున్నారు.

నాయన మూసుకోలేదు. అత్త చూసినట్టే సముద్రం వైపు చూశాడు.  జీపు వెనక మెట్టు మీద ముసలికాలు పెట్టబోయి తప్పాడు, మళ్లీ పెట్టాడు. ఎక్కి పెట్టె పక్కన కూర్చుని, దాని మీద చెయ్యి వేశాడు.

"పోనీమ్మా. దారిలో చేసుకుంటాను" అన్నాడు.

 అత్త బతికి ఉండగా ఒక్కసారి ఎక్కి ఉంటే ఏం పోయేది నాయనా అని అడగాలనిపించింది.  చిన్న గేరు వేసి నురగ గీత వెంట పోనిచ్చాను. ఎండ్రకాయలు చక్రాల ముందు నుంచి పక్కలకు పరుగెత్తాయి. ఇంజను చప్పుడులో నాయన గొంతు లీలగా వినిపిస్తోంది. ఇన్నేళ్లుగా అత్త పేరు చెప్పి చేయని ప్రార్థనలన్నీ ఒక్కసారే చేస్తున్నట్టున్నాడు. మొగ దగ్గర ఎంత జాగ్రత్తపడ్డా జీపు ఒక్క కుదుపు కుదిపింది. నాయన గొంతు ఆగింది. నేనూ వెనక నుంచి రావాల్సిన తిట్టు కోసం చూశాను.

రాలేదు. కాసేపటికి నాయన మళ్లీ అందుకున్నాడు. మొగ దాటేశాం, ఇక గండం లేదు. ముందు కావలసినంత తడి ఇసుక ఉంది. నేను వేగం తగ్గించి, వెనక్కి చూడకుండా, నిదానంగా పోనిచ్చాను. వెనక మా చక్రాల జాడల్లోకి పోటు నీళ్లు వచ్చి చేరుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాయన ప్రార్థన ఇంకా సాగుతూనే ఉంది.