మణికట్టు మీద ముద్ర

నిన్న నంద్యాలలో ఎగ్జిబిషన్‌ గేటు దగ్గర టికెట్టు చూసి, నా మణికట్టు మీద ఊదా రంగు ముద్ర వేశారు. ఆ స్టాంపు ప్యాడు వాసనకు ఈ వయసులోనూ నాకు చేతులు చల్లబడ్డాయి. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది ఆ వాసన, ఆ రేకు డబ్బీ.

అప్పుడు నాకు ఏడేళ్లు. పొలం గట్టు తగాదాలో నాయనను జైల్లో పెట్టారు. ఆ జైలు ఒకప్పుడు రాజుల మహలట. "రాజుగారి మహలు చూసొద్దాం రా పాపా" అని అమ్మ నన్ను ఆళ్లగడ్డలో బస్సెక్కించింది. నిజంగానే స్తంభాల మీద గచ్చుతో చేసిన చిలకలున్నాయి. స్తంభాల నడుమ ఇనుప కమ్మీలు.

గేటు కాడ జవాను మా ఇద్దరి చేతులకూ ముద్ర వేసి నవ్వాడు.

"జాగ్రత్త పాపా. ఇది చెరిగిపోతే నిన్ను గూడా ఈడనే పెట్టుకుంటాం."

వెనక తలుపు దభీమని మూసుకుంది. నాకు ఒళ్లంతా చెమట. ముద్ర అంచు అప్పుడే అలుక్కుపోతోంది.

కమ్మీల అవతల నాయన, గడ్డం మాసి ఉన్నాడు. చెయ్యి బయటికి చాపి, "ఏందమ్మా అట్ల చూస్తాండావ్‌? చెయ్యి ఇయ్యి" అన్నాడు.

నేను రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాను.

"నాయన మీద కోపమా?"

నేను ఇంకో అడుగు వెనక్కేశాను. టైమైందని పిలిచేదాకా ఆయన చెయ్యి అట్లాగే చాపి ఉంది.

బయటికొచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి మణికట్టు పైకెత్తాను. జవాను బీడీ ముట్టించుకుంటూ తలుపు తీశాడు. నా చేతివైపు చూడనే లేదు.